ప్లంజ్ రౌటర్ మొరాయిస్తే: ఒక మిషన్ కథ, దాని రోగాలు

ఈ ఆదివారం పోస్టు కాస్త పొడుగు, ఓపిక పట్టండి. వడ్రంగం ఇంకా చేతిలో ఉన్నవాళ్ళు తప్పక చదవండి. కంప్యూటర్ల వైపు వెళ్ళిపోయినవాళ్ళు కూడా చదవండి, మీ తాతల పని గురించే రాస్తున్నా.

మన గ్రూపులో రెండు నెలలుగా ఒకే మిషన్ మీద ప్రశ్నలు వస్తున్నాయి. ప్లంజ్ రౌటర్. నొక్కితే దిగదు, దిగితే లేవదు, లోతు నిలవదు, బిట్ జారుతుంది. హోసూరు కుర్రవాడు ఒకడు ఏకంగా ఫోన్ చేసి "మామా, దీని పని అయిపోయింది, గుజరీకి వేసేస్తా" అన్నాడు. కొని ఏడాది కూడా కాలేదు. ఇట్లా గుజరీకి వెళ్ళే మిషన్లలో చాలావాటికి రోగం లేదని నా నమ్మకం. ఆ మిషన్ ఎందుకు అట్లా పుట్టిందో తెలిస్తే, అది ఎక్కడ మొరాయిస్తుందో కూడా తెలిసిపోతుంది. అందుకని ముందు కథ చెప్పి, తర్వాత మరమ్మతు చెబుతా.

మనల్ని ఇక్కడ కన్నడంలో బడగి అంటారు. తమిళనాట మనవాళ్ళని తచ్చర్ అనో ఆసారి అనో పిలుస్తారు. మహారాష్ట్రలో సుతార్, ఒడిశాలో బఢేయి. పేరు మారినా పని ఒకటే, చేతిలో ఉన్నవీ అవే: ఉలి, బాడిస, చిత్రిక, రంపం. ఇందులో చెక్క మధ్యలో గాడి తీయడం, అంటే అంచు నుంచి కాకుండా నడిమధ్య మొదలుపెట్టి అడుగు సమంగా తేలేలా తవ్వడం, ఓపికకి పరీక్ష. మైసూరు బీటె చెక్క మీద పొదుగుడు పని చూసినవాళ్ళకి తెలుసు. ఒకప్పుడు ఏనుగు దంతం, అది నిషేధమయ్యాక రంగు చెక్కలూ ప్లాస్టిక్కూ. పొదిగే ముక్క ఏదైనా దానికి గుంట కావాలి, ఆ గుంట అడుగు ఎగుడుదిగుడు ఉండకూడదు. బొబ్బిలి వీణకీ తంజావూరు వీణకీ పనస మానుని తొలిచే పని ఇంకా పెద్దది, అది వేరే కథ. మా తాత గాడి తీసేటప్పుడు ఒక పుల్లకి గీత పెట్టుకుని, నాలుగు దెబ్బలకి ఒకసారి లోతు చూసుకునేవాడు. ఆ పుల్ల చేసిన పనే నేడు రౌటర్‌లో లోతు కడ్డీ చేస్తుంది.

ఐరోపాలో ఇదే పనికి ఒక చిన్న పరికరం ఉండేది. చదునైన చెక్క దిమ్మ, దాని మధ్య నుంచి కిందికి పొడుచుకొచ్చిన ఒక ఉలి. దిమ్మ పైన పలక మీద జారుతుంటే, ఉలి మొన గాడి అడుగుని ఒకే లోతులో గీకుతుంది. నోట్లో ఒకే పన్ను మిగిలినట్టు ఉంటుందని ఇంగ్లీషు వడ్రంగులు దానికి 'ముసలమ్మ పన్ను' అని పేరు పెట్టారు. నవ్వొచ్చే పేరే గానీ, చూస్తే ఇంకో పేరు తోచదు. 1880ల మధ్యలో అమెరికాలో స్టాన్లీ కంపెనీ దాన్నే ఇనుముతో చేసి 71వ నంబరుగా అమ్మింది. దాదాపు తొంభై ఏళ్ళు ఆ నంబరు నడిచింది.

తర్వాత కరెంటు మోటారు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో న్యూయార్క్ రాష్ట్రంలో ఆర్.ఎల్. కార్టర్ అనే నమూనాల వడ్రంగి చేతిలో పట్టుకునే చిన్న మోటారు రౌటర్ తయారుచేశాడు. మంగలి జుట్టు కత్తిరించే కరెంటు మిషన్ మోటారుకి కోసే పన్ను బిగించి మొదలుపెట్టాడని చెబుతారు. అది బాగా అమ్ముడైంది. 1929లో ఆ వ్యాపారాన్ని స్టాన్లీ కొనేసింది. అలా ముసలమ్మ పన్ను, మోటారు రౌటర్ ఒకే ఇంటికి చేరాయి.

కానీ కార్టర్ రౌటర్‌కి ఒక లోపం ఉంది. మోటారు అడుగు ప్లేటుకి ఒక ఎత్తులో బిగించి ఉంటుంది. అంచు నుంచి మొదలుపెడితే సుఖం. నడిమధ్య మొదలుపెట్టాలంటే, తిరుగుతున్న మిషన్‌ని వాలుగా ఎత్తిపట్టి, బిట్‌ని మెల్లగా చెక్కలోకి దించాలి. నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరిగే పన్ను ఒక పక్క మాత్రమే చెక్కకి తగిలితే ఏమవుతుందో మీరు ఊహించుకోవచ్చు, చేయి లాగేస్తుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో దీనికి మందు అప్పటికే ఉంది. అక్కడ రౌటర్ మనిషి చేతిలో కాకుండా బల్లపైన స్తంభానికి ఉండేది, కాలితో తొక్కితే తల నిటారుగా కిందికి దిగేది. ఆ బరువు మిషన్ని భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగే వడ్రంగికి తీసుకురావడం ఎలా?

జర్మనీలో ఎలు అనే కంపెనీ ఆ చిక్కు విప్పింది. ఆ పేరు దాని స్థాపకుడు ఓయ్‌గెన్ లుట్స్ పేరులోంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకి, 1950కి అటూ ఇటూగా, వాళ్ళు ఆ ఫ్యాక్టరీ తలని రెండు చేతుల్లో పట్టేంత చిన్నది చేశారు. అడుగు ప్లేటు మీద రెండు ఉక్కు రాడ్లు నిలబెట్టారు. మోటారు ఆ రాడ్ల మీద పైకీ కిందికీ జారుతుంది. వదిలేస్తే పైకి లేవడానికి స్ప్రింగులు. కావలసిన చోట ఆగడానికి ఒక లాక్ లివర్. ఇంతకన్నా దిగకుండా ఒక లోతు కడ్డీ, దాని కింద మెట్లుగా తిరిగే స్టాపు. ఇవాళ ఏ కంపెనీ ప్లంజ్ రౌటర్ తీసుకున్నా ఎముకల గూడు ఇదే. 1980లలో ఎలు బ్లాక్ అండ్ డెకర్ చేతికి వెళ్ళింది. ఆ పాత నమూనా ఇప్పటికీ డివాల్ట్ 625 నంబరు రౌటర్‌లో బతికే ఉంది. అమెరికన్లు మాత్రం చాలాకాలం కార్టర్ పద్ధతినే పట్టుకుని ఉన్నారు. 1915లో నగోయాలో మోటార్ల రిపేరు దుకాణంగా మొదలైన మకీటా లాంటి జపాన్ కంపెనీలు ప్లంజ్ రౌటర్లని దించాకే అక్కడ గాలి మారింది. మా పేటలో నేను మొదటిది చూసింది 2000 తర్వాతే, ప్లైవుడ్ వంటగదుల పని ఊపందుకున్నప్పుడు.

ఇప్పుడు గమనించండి. జారాలి, కాబట్టి రాడ్లు. లేవాలి, కాబట్టి స్ప్రింగు. నిలవాలి, కాబట్టి లాక్. ఈ మూడు కోరికలూ ఒకదానితో ఒకటి పోట్లాడుకునేవే. కార్టర్ రౌటర్‌కి ఈ రోగాలు ఉండవు, ఎందుకంటే అందులో జారేదే లేదు. ప్లంజ్ రౌటర్ రోగాల్లో సగం ఈ పోట్లాట నుంచే పుడతాయి.

మొదటిది, దిగకపోవడం. ఏం చేసినా ముందు ప్లగ్ పీకండి, స్విచ్ ఆపితే చాలదు. బిట్ తీసేయండి. లాక్ వదులు చేసి రెండు పిడులనీ సమంగా నొక్కండి. సాఫీగా దిగిందా? ఇప్పుడు ఒక పిడినే నొక్కి చూడండి. పట్టేస్తుంది. పాత చెక్క బీరువా సొరుగుని ఒక మూల పట్టి లాగితే బిగుసుకోదూ, అదే ఇది. కాబట్టి కొందరికి మిషన్‌లో లోపం ఉండదు, కుడిచేతి బలమే లోపం. రెండు చేతులతో నొక్కినా పట్టేస్తుంటే రాడ్లు చూడండి. చెక్క పొట్టు, ఎమ్‌డీఎఫ్ దుమ్ము, దానిమీద ఎవరో దయగల మనిషి వేసిన గ్రీజు, అన్నీ కలిసి నల్లటి ముద్ద అయి ఉంటుంది. మనవాళ్ళకి ఏది బిగిసినా గ్రీజు పూసే అలవాటు. బండి చక్రానికి అది సరే. దుమ్ములో పనిచేసే రాడ్‌కి గ్రీజు జిగురుతో సమానం. గుడ్డకి కొంచెం కిరోసిన్ తడి చేసి రాడ్లు తుడవండి, పూర్తిగా ఆరనివ్వండి, తర్వాత కొవ్వొత్తి మైనం పలచగా రుద్ది పొడి గుడ్డతో మెరిసేలా తుడిచేయండి. అంతే. మోటారు తలని రాడ్ల మీంచి పూర్తిగా ఊడదీయాల్సి వస్తే జాగ్రత్త, లోపలి స్ప్రింగు ఎగిరి మొహానికి తగలొచ్చు. ఇంత చేసినా ఒకచోట మాత్రం పట్టేస్తుంటే మిషన్ ఎప్పుడో కింద పడి రాడ్ వంగి ఉంటుంది. దానికి ఇంటి వైద్యం లేదు, రాడ్ మార్చాల్సిందే.

రెండోది, అసలైనది, లోతు నిలవకపోవడం. హోసూరు కుర్రవాడి బాధ ఇదే. టేకు తలుపు రెక్కల మీద ఎనిమిది మి.మీ. గాడి తీయమన్నారు. మొదటి అడుగు దూరం బాగానే వచ్చింది. రెక్క చివరికి వచ్చేసరికి పన్నెండు దాటింది. ఆ రెక్క ఖరీదు ఇంటివాళ్ళు వాడి కూలీలో పట్టుకుంటామన్నారు. పది రోజుల కూలీ. వాడికి కోపం మిషన్ మీద, లాక్ లివర్ మీద. దాన్ని సుత్తితో కొట్టి కొట్టి బిగించాడు.

ఇక్కడ కొంచెం నిదానంగా ఆలోచించాలి. లాక్ జారితే ఏమవుతుంది? స్ప్రింగు మోటారుని పైకే నెడుతుంది గానీ కిందికి లాగదు. పైగా లోతు కడ్డీ స్టాపు మీద ఆనుకుని ఉన్నప్పుడు మోటారు ఇంక కిందికి దిగలేదు. అంటే లాక్ జారితే గాడి లోతు తగ్గాలి. పెరిగిందంటే అది లాక్ పని కాదు. బిట్టే కొలెట్ లోంచి కిందికి జారుతోంది. ముఖ్యంగా మరమేకులా మెలితిరిగిన బిట్లు పొట్టుని పైకి తోస్తూ తమని తాము చెక్కలోకి లాక్కుంటాయి. ఇంకో అనుమానం లోతు కడ్డీని పట్టే చిన్న మర, అది వదులైనా లోతు పెరుగుతుంది. కానీ ఎక్కువసార్లు దొంగ కొలెట్టే.

ఊహ చాలదనుకుంటే గుర్తు పెట్టి చూడండి. ప్లగ్ పీకి, బిట్ కాడ మీద కొలెట్ నట్టుకి ఆనుకుని మార్కర్‌తో సన్న గీత చుట్టండి. మోటారుని కావలసిన లోతుకి దించి లాక్ చేశాక, రాడ్ మీద మోటారు అంచు దగ్గర పెన్సిల్ గీత పెట్టండి. ఒక పనికిరాని ముక్క మీద గాడి తీయండి. మళ్ళీ ప్లగ్ పీకి చూడండి. కాడ మీది గీతకీ నట్టుకీ మధ్య సందు వచ్చిందా? కొలెట్. పెన్సిల్ గీత కదిలిందా? లాక్. కూర్చున్నచోటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

వాణ్ణి ఫోన్‌లో బిట్ కాడ కొలవమన్నా. వెర్నియర్ లేదన్నాడు, పక్క లేత్ షాపులో కొలిపించాడు. ఆరు మి.మీ. మిషన్‌లో ఉన్న కొలెట్ పావు అంగుళానిది, అంటే 6.35. తేడా 0.35 మి.మీ. కంటికి కనపడదు, బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది. తిరిగే వేగంలో మాత్రం పట్టు చాలదు.

ఈ ముప్పయ్యైదు వందలో వంతు మిల్లీమీటరు వెనక కూడా చరిత్రే ఉంది. అమెరికా, ఇంగ్లండు రౌటర్లు అంగుళాల మీద పుట్టాయి: పావు, అర. జర్మనీ ఎనిమిది మి.మీ. పట్టుకుంది. జపాన్ ఆరు, పన్నెండు. మన దేశం 1956లో చట్టం చేసి మెట్రిక్‌కి మారింది గానీ, మన చెవి వెనక పెన్సిల్ ఇంకా అంగుళంలోనే ఉంది. అంగుళంలో ఎనిమిదో వంతుని మనం నూలు అంటాం, తమిళులు నూల్ అంటారు, మరాఠీ వాళ్ళు సూత్ అంటారు. అన్నిటికీ అర్థం దారమే. పావు అంగుళం అంటే రెండు నూళ్ళు. ఈ లెక్కతో పెరిగిన మనిషికి ఆరు మి.మీ. బిట్ చేతికిస్తే రెండు నూళ్ళ బిట్టే అనుకుంటాడు. బజారులో జర్మన్ లెక్క, జపాన్ లెక్క, అమెరికా లెక్క బిట్లన్నీ ఒకే గాజు బీరువాలో కలిపి ఉంటాయి. పన్నెండు మి.మీ. కాడని అర అంగుళం కొలెట్‌లో పెడితే తేడా 0.7. అది ఇంకా ఘోరం, అంత పెద్ద బిట్ ఊడి ఎగిరితే వేళ్ళతో పోదు. బిట్ కొనేటప్పుడు అంకె అడగండి, అంకెకి తగ్గ కొలెట్ కొనండి. సన్న రేకు చుట్టి బిగించే వాళ్ళని నేను చూశా. దయచేసి ఆ పని చేయకండి.

కొలెట్ సైజు సరిగ్గానే ఉన్నా జారుతోందా? అది ఊడదీసి లోపల చూడండి. జిగురూ పొట్టూ పేరుకుని ఉంటే ఇత్తడి బ్రష్‌తో తోమండి. పాత బిట్ కాడ మీద గోధుమ రంగు కాలిన ఉంగరాలు కనిపిస్తే, అది జారిన గుర్తు. ఆ బిట్‌నీ ఆ కొలెట్‌నీ మళ్ళీ నమ్మకండి. బిట్‌ని అడుగు తాకే దాకా పెట్టి, రెండు మూడు మి.మీ. పైకి తీసి బిగించండి. అడుగుకి నొక్కి బిగిస్తే నట్టు తిరిగేటప్పుడు బిట్‌ని లోపలికి లాగలేదు, పట్టు సగమే వస్తుంది. ఖాళీ కొలెట్‌ని ఎప్పుడూ బిగించకండి, వేళ్ళు ముడుచుకుపోతాయి. మంచి మిషన్లలో ఇంకో చిన్న మర్మం ఉంది. నట్టు వదులయ్యాక కొంచెం తిరిగి మళ్ళీ బిగుసుకున్నట్టు అవుతుంది. అది తుప్పు కాదు. రెండోసారి పానా వేసి తిప్పితే అప్పుడు కొలెట్‌ని నట్టే బయటికి లాగుతుంది. ఇది తెలియక సుత్తితో కొట్టి మోటారు బేరింగులు పాడుచేసుకున్నవాళ్ళు ఉన్నారు.

పెన్సిల్ గీతే కదిలితే, అంటే గాడి తగ్గుతూ పోతుంటే, అప్పుడు లాక్ సంగతి చూడాలి. చాలా మిషన్లలో లివర్ లోపల ఒక చిన్న ఇత్తడి ముక్కని రాడ్‌కి అదుముతుంది. వాడకంతో అది అరిగి, లివర్ చివరిదాకా తిరిగినా పట్టదు. లివర్‌ని దాని బోల్టు మీంచి ఊడదీసి, కొంచెం వెనక్కి తిప్పి మళ్ళీ బిగిస్తే పట్టు తిరిగి వస్తుంది. సుత్తి అక్కర్లేదు. రాడ్‌కి నూనె అంటి ఉన్నా లాక్ జారుతుంది. పైన చెప్పిన గ్రీజు ప్రేమికుల గురించి మళ్ళీ చెప్పను.

చెక్క కాలడం గురించి చాలామంది అడిగారు. మొద్దుబారిన బిట్, లేదా భయంతో మరీ నిదానంగా నెట్టడం, లేదా పెద్ద బిట్‌కి ఎక్కువ వేగం. లెక్క చూడండి. ఆరు మి.మీ. బిట్ నిమిషానికి 24,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకి 27 కిలోమీటర్ల వేగం, మన సిటీ బస్సంత. అదే వేగంలో అరవై మి.మీ. బిట్ అంచు గంటకి 271 కిలోమీటర్లు. అందుకే యాభై దాటిన బిట్లని పది, పన్నెండు వేల చుట్ల దగ్గరే వాడాలి. మిషన్ మీద వేగం తిప్పే చిన్న చక్రం ఉన్నది అందుకే, అలంకారానికి కాదు. లోతు కూడా ఒకేసారి తీయకండి. ఆ మెట్ల స్టాపుని ఎలు వాళ్ళు పెట్టిందే మూడు విడతల్లో దిగడానికి.

బిట్ పన్ను గురించి బెంగళూరు వాళ్ళకి ఒక మాట. మనం విడియా బిట్ అంటామే, అది 1920ల చివర్లో జర్మనీలోని క్రుప్ కంపెనీ టంగ్‌స్టన్ కార్బైడ్‌కి పెట్టుకున్న పేరు. జర్మన్‌లో 'వజ్రంలా' అనే రెండు మాటల్ని కుదించి విడియా అన్నారు. తుమకూరు రోడ్డులో నాగసంద్ర దగ్గర ఉన్న ఫ్యాక్టరీ 1964లో మొదలైన విడియా ఇండియా, ఇప్పుడు కెన్నామెటల్. ఆ పేరుని మన మేస్త్రీలు గోడకి బెజ్జం వేసే బిట్ దాకా అన్నిటికీ పెట్టేశారు. విడియా పన్ను గట్టిదే కానీ పెళుసు. నేల మీద పడితే అంచు పెచ్చు ఊడుతుంది, పెచ్చు ఊడినదే చెక్కని కాలుస్తుంది. బిట్లని సంచిలో కలిపి వేయకుండా చెక్క ముక్కకి బెజ్జాలు పెట్టి నిలబెట్టండి.

నెట్టే దిశ కూడా చూసుకోండి. పైనుంచి చూస్తే బిట్ గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది. పలక బయటి అంచు చుట్టూ మిషన్‌ని దానికి ఎదురుగా, లోపలి అంచుల్లో దాని వెంట నడపాలి. తప్పు దిశలో మిషన్ మిమ్మల్ని లాక్కుని పరిగెడుతుంది, మిషన్ పిచ్చిదని తిట్టుకుంటారు.

ఇక మోటారు. ఆగి ఆగి నడుస్తుంటే, లోపల నిప్పురవ్వలు ఎక్కువైతే ముందు కార్బన్లు చూడండి. కొన్ని వందల రూపాయల లోపు వస్తువు. రెండూ ఒకేసారి మార్చండి. సైటులో సన్న వైరు ఎక్స్‌టెన్షన్ చాలా దూరం లాగినా మోటారు నీరసపడుతుంది, అది కూడా మిషన్ తప్పు కాదు. ఖాళీగా తిప్పినప్పుడు గరగరమంటే బేరింగ్. ఈ పనికి మోటారు రిపేరు షాపుకి వెళ్ళండి, ఇంట్లో విప్పకండి.

హోసూరు కుర్రవాడు సరైన కొలెట్ తెప్పించుకున్నాడు, లివర్‌కి తన సుత్తి చేసిన గాయం అట్లాగే ఉంది. తలుపు రెక్క గాడిలో పన్నెండు మి.మీ. లోతు వచ్చిన భాగాన్ని అదే టేకు ముక్కతో నింపి, మళ్ళీ ఎనిమిదికి తీశాడు. అతుకు కనపడకుండా నారు కలిపి పెట్టడం వాళ్ళ నాన్న చేశాడు, ఉలితో. ఇంటివాళ్ళు కూలీ పట్టుకోలేదు. వచ్చే నెల సంఘం సమావేశానికి ఎవరి రౌటర్లు వాళ్ళు తెచ్చుకోండి. వెర్నియర్ నేను తెస్తా, ముందు అందరి కొలెట్లూ బిట్ కాడలూ కొలుద్దాం.